జేజి మొదటి ముక్క

మొన్న బెంగళూరులో టీమ్ పార్టీ. ఫ్రోజెన్ మెరాంగ్ అని ఒకటి తెచ్చి ముందర పెట్టారు. గుడ్డు తెల్లసొనలో చక్కెర వేసి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, గడ్డకట్టిస్తారంట. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ఫ్రీజర్లో పెట్టినా రాయి కాదు. స్పూన్ తగలగానే విరిగిపోయింది. బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నాకు పళ్లు జివ్వుమనాలి. నేను సేమియా ఐసు బ్యాచ్.

మాది ప్రొద్దుటూరు. వైశాఖ శుద్ధ దశమికి బ్రహ్మంగారిమఠంలో ఆరాధన. మే నెల, కడప ఎండ, ఇంక చెప్పేదేముంది! జేజి నన్ను మైదుకూరు మీదుగా బస్సులో తీసుకుపోయేది. సమాధి దర్శనం అయ్యాక నా దర్శనం ఐసుబండికే. పాలు, చక్కెర, ఉడికించిన సేమియా అచ్చుల్లో పోసి, ఉప్పునీళ్ల తొట్టిలో దించుతారు. ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీల కిందికి పోయినా గడ్డకట్టవు, లోపలి పాలు మాత్రం కడతాయి. ఇంజనీరింగ్‌లో ఇది చదివినప్పుడు నాకు మఠం ఐసుబండే కనపడింది.

సేమియా బరువుకి అచ్చు అడుక్కి దిగుతుంది. పుల్ల పట్టుకుని తిప్పితే అదే పైకొన. జేజి ప్రతిసారీ, "ఇట్లియ్యిరా, తీపుండాదో లేదో చూస్తా" అని ఆ కొనే కొరికేది. సగం సేమియా ఆయమ్మ నోట్లోకే! నేను ఏడుపు.

తర్వాత జేజికి షుగర్ వచ్చింది. ఇంట్లో అందరికంటే పెద్ద పోలీసును నేనే. 2019 ఆరాధనకు బైకులో తీసుకుపోయినా. ఐసు కొనుక్కుంటే, "ఒక్క ముక్క కొరుక్కుంటా నాయనా" అనింది. "నీ షుగర్ ఎంతుందో తెల్సా?" అని గట్టిగా అరిచినా, జనంలో. కొంగుతో మూతి తుడుచుకుని, "సరేలే, నువ్వు తిను" అనింది. తినేసినా. మొత్తం, ఆమె ముందరే.

మరుసటి ఏడు లాక్‌డౌన్. ఆ చలికాలంలోనే జేజి పోయింది. ఒక ముక్కతో ఏమీ అయ్యేది కాదని డాక్టరైన మా ఫ్రెండు తర్వాత చెప్పినాడు. వాడినెవడు అడగమన్నాడు, నేనే అడిగినా.

పోయిన మేలో మళ్లీ మఠం పోయినా. ఐసు కొన్నా. పైకొనలో సేమియా గుత్తిగా ఉంది. కొరకబుద్ధి కాక అట్లే పట్టుకుని నిలబడినా. మోచేతి దాకా కారిపోయింది.