నీ వారంటీ ఇంకో బండి పంపుతదా?

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు బేరం కారు ధర దగ్గరే అయిపోతుందనుకుంటాం. అవదు. ధర కుదిరి, టోకెన్ కట్టి, లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టే టైమ్‌కి ఇంకో కాగితం టేబుల్ మీదికి వస్తుంది. అదే ఎక్స్‌టెండెడ్ వారంటీ. అప్పటికే నాలుగైదు లక్షలు వదిలించుకోవడానికి మనసు సిద్ధపడి ఉంటుంది కాబట్టి, ఇంకో పదిహేను ఇరవై వేలు లెక్కలోకే రావు. పెళ్లి షాపింగ్‌లో చివర్లో కొనే మ్యాచింగ్ గాజుల్లాగా అన్నమాట.

నేను చూసింది 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, 52 వేల కిలోమీటర్లు తిరిగింది, ధర 4,85,000. ఏడాది వారంటీ 14,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 16,520 రూపాయలు. ‘రోజుకి 45 రూపాయలే సర్, రెండు చాయ్‌ల ఖర్చు’ అన్నాడు అమ్మే అబ్బాయి. నిజమే. కానీ ఏ ఖర్చునైనా 365తో భాగిస్తే చాయ్ లెక్కలోకే వస్తుంది.

ఈ కారు నాకు వీకెండ్ షికార్ల కోసం కాదు. మా నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున 6 గంటల స్లాట్. ఒక్కో సిట్టింగ్ దాదాపు 4 గంటలు. వెళ్లేటప్పుడు బాగానే ఉంటాడు. వచ్చేటప్పుడే బీపీ పడిపోయి, కాళ్లు లాగేసి, సీట్లో వెనక్కి వాలిపోతాడు. అలాంటి మనిషిని బైక్ మీద తీసుకురాలేను. క్యాబ్ బుక్ చేస్తే తెల్లవారుజామున ఐదున్నరకి ఎవరు వస్తారో, ఎవరు క్యాన్సిల్ చేస్తారో తెలీదు. అందుకే కారు. అందుకే ఆ 16,520 గురించి అంత ఆలోచన.

‘షరతుల కాగితం పంపండి, చదివి చెప్తా’ అన్నా. మొదట బ్రోచర్ పంపించారు. అది రెండు పేజీలు, నిండా బొమ్మలు. మళ్లీ అడిగితే అసలు షరతులు వచ్చాయి. 14 పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. నా ఉద్యోగమే వేరేవాళ్లు రాసిన కోడ్‌లో ‘ఇలా అయితే అలా’ అనే కండిషన్లు వెతకడం కాబట్టి, ఓ ఆదివారం కూర్చుని చదివా.

ఇంజన్, గేర్‌బాక్స్ లోపలి భాగాలు, స్టీరింగ్, ఆల్టర్నేటర్, స్టార్టర్, ఏసీ కంప్రెసర్ లాంటివి కవర్ అవుతాయి. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, బెల్టులు, రబ్బరు బుష్‌లు కవర్ కావు. అంటే, వాడకంలో అరిగేవన్నీ మన ఖాతాలోనే. కొన్న మొదటి 15 రోజులు క్లెయిమ్ లేదు. ఒక్కో క్లెయిమ్‌కి పరిమితి 50,000. సర్వీస్ వాళ్లు చెప్పిన చోటే, చెప్పిన టైమ్‌కే చేయించాలి. రిపేర్‌కి ముందు వాళ్ల అనుమతి రావాలి. భాగం విప్పి చూశాక ‘ఇది మా కిందికి రాదు’ అంటే, విప్పిన కూలీ కూడా మనదే.

ఇక్కడ చాలామంది ఇన్సూరెన్స్‌నీ వారంటీనీ కలిపేస్తుంటారు. కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉంటే యాక్సిడెంట్, దొంగతనం లాంటివి చూసుకుంటుంది. దానంతట అది పాడైపోయిన భాగాన్ని వారంటీ చూసుకుంటుంది. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఇంజన్‌లోకి నీళ్లు పోయాయనుకోండి. వారంటీ పనికిరాదు, మామూలు ఇన్సూరెన్సూ సాధారణంగా ఆదుకోదు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ వేరే తీసుకోవాలి. 2020 అక్టోబరు వరదలు చూసిన హైదరాబాదీలకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

పాత కార్ల గురించి ఆర్థిక శాస్త్రంలో పేరున్న పేపర్ ఒకటుంది. జార్జ్ ఆకర్లాఫ్ 1970లో రాశాడు. 2001లో ఆయనకి వచ్చిన నోబెల్ వెనక ఉన్నది ఈ ఆలోచనే. కారు సంగతి అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలీదు, ఈ తేడానే బజారును పాడుచేస్తుంది అంటాడు. దీనికి ఒక విరుగుడుగా గ్యారంటీని కూడా చెప్పాడు. సరుకు మీద నమ్మకం ఉన్నవాడు గ్యారంటీ ఇవ్వడానికి భయపడడు కదా. అది చదివాక నాకో తేడా తట్టింది. అమ్మేవాడు తన జేబులోంచి ఇచ్చే గ్యారంటీ కారు గురించి ఏదో చెప్తుంది. మన దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చే వారంటీ కారు గురించి ఏమీ చెప్పదు. అది ఇంకో సరుకు, అంతే. ‘వారంటీ ఇస్తున్నారంటే బండి బాగున్నట్టే’ అనే మాట అక్కడ చెల్లదు.

తర్వాత లెక్క. ఉప్పల్‌లో మాకు తెలిసిన మెకానిక్ అన్నని అడిగి రేట్లు రాసుకున్నా. ఈ కారుకి ఏసీ కంప్రెసర్ పోతే సుమారు 20,000. ఆల్టర్నేటర్ 10,000 లోపు. ఇంజన్ లేదా గేర్‌బాక్స్‌లో పెద్ద పని పడితే 60,000 దాకా.

16,520 పెట్టి 20,000 రిపేర్ నుంచి కాపాడుకోవడం గిట్టుబాటు కావాలంటే, ఆ కంప్రెసర్ ఏడాదిలో పోయే అవకాశం 82 శాతం దాటాలి. అంత అవకాశం ఉందనిపిస్తే వారంటీ కాదు, ఆ కారే కొనకూడదు! ఇక 60,000 పని అంటే క్లెయిమ్ పరిమితి 50,000 కాబట్టి, మూడింట ఒక వంతు అవకాశం ఉండాలి. ఇలా కేవలం డబ్బు లెక్క చూస్తే వారంటీ వద్దు. కానీ వారంటీని జనం డబ్బు లెక్కతో కొనరు, నిశ్చింత కోసం కొంటారు. నాక్కూడా కావాల్సింది అదే. కాబట్టి లెక్క తేలినా మనసు తేలలేదు.

తేల్చింది మా నాన్న. ఆర్టీసీలో 27 ఏళ్లు డ్రైవర్‌గా చేశాడు. కాగితాలు ముందేసుకుని నేను చెప్పిందంతా విని, ఒక్కటే అడిగాడు. ‘డిపోల బండి ఖరాబైతే ముందుగాల ఏం జేస్తరు? స్పేర్ బస్సు పంపుతరు. రిపేర్ ముచ్చట తర్వాత. నీ వారంటీ ఇంకో బండి పంపుతదా?’

మళ్లీ 14 పేజీలూ వెతికా. పంపదు. కారు వర్క్‌షాప్‌లో ఉన్నన్ని రోజులకి వేరే కారు ఇస్తామని ఎక్కడా లేదు. పైగా అనుమతి వచ్చేదాకా బండి అక్కడే ఉండాలి. నా భయం 20,000 బిల్లు గురించి కాదు. తిప్పలు పడైనా అది కట్టగలను. బుధవారం పొద్దున ఐదున్నరకి బండి స్టార్ట్ కాకపోతే ఎలా అన్నదే నా భయం. డయాలసిస్ ‘రేపు చేయించుకుంటాలే’ అనుకునే పని కాదు. నేను కొనబోయే కాగితం నా భయాన్ని కవర్ చేయడం లేదు. వేరే ఎవరి భయాన్నో కవర్ చేస్తోంది.

వద్దన్నా. కానీ వద్దని ఊరుకోవడం కూడా నిర్ణయం కాదు కదా. ఆ 16,520కి వేరే పని చెప్పా. 3,000 పెట్టి, అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌తో కారు లిఫ్ట్ మీద ఎక్కించి చూపించా. ముందు చక్రాల దగ్గర బుష్‌లు పోయాయని, రెండు టైర్లు మార్చాలని తేలింది. ఆ కాగితం చూపిస్తే ధరలో 12,000 తగ్గించారు. బండి నంబర్‌తో సర్వీస్ హిస్టరీ తీయించి, కిలోమీటర్లు సరిపోయాయో లేదో చూసుకున్నా. ఇన్సూరెన్స్‌లో కొన్ని వందలు ఎక్కువ కట్టి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నా. మిగిలింది వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి, నెలకి 1,500 ఆటోమేటిక్‌గా అందులో పడేలా పెట్టా.

ఇక స్పేర్ బస్సు. మా వీధి చివర ఉండే ఆటో అన్నతో మాట్లాడుకున్నాం. ఎప్పుడైనా పొద్దున ఐదుంబావుకి ఫోన్ చేస్తే రావాలి, మామూలు కిరాయికి డబుల్ ఇస్తాం. ఆయన నవ్వి, ‘డబుల్ ఎందుకు తమ్ముడూ, పెద్దాయన కోసం రానా’ అన్నాడు. అయినా డబుల్ మాటే ఖాయం చేశా. మొహమాటం మీద నడిచే ఏర్పాటు ఎన్నాళ్లో నడవదు.

అలాగని వారంటీ ఎవరూ కొనొద్దని కాదు. మా టీమ్‌లో ఒకతను ఆటోమేటిక్ కారు కొన్నాడు. దాని గేర్‌బాక్స్ పోతే లక్ష దాటుతుంది, ఇంట్లో కొత్త హోమ్ లోన్. ఒక్క బిల్లు అతని ఆరు నెలలని తలకిందులు చేస్తుంది. అతను తీసుకున్నాడు, మంచి పని చేశాడు. గేర్‌బాక్స్ పూర్తిగా కవర్ అవుతుందా, క్లెయిమ్ పరిమితి దానికి సరిపోతుందా అని రాతపూర్వకంగా అడిగి మరీ తీసుకున్నాడు.

రెండు మూడేళ్ల కారు కొనేవాళ్లయితే ముందు కంపెనీ వారంటీ ఏమైనా మిగిలుందేమో చూసుకోండి. కొత్త ఓనర్‌కి బదిలీ అవుతుందో లేదో షోరూమ్‌లో అడగండి. మారుతి సుజుకీ 2024 జులైలో స్టాండర్డ్ వారంటీని 2 ఏళ్లు లేదా 40 వేల కిలోమీటర్ల నుంచి, 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకి పెంచింది. మిగిలి ఉన్నదానికి మళ్లీ డబ్బు కట్టడం ఎందుకు? అమ్మేవాళ్లు నోటితో చెప్పిన ప్రతి మాటా వాట్సాప్‌లో రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడ చూపించడానికి మాట పనికిరాదు, కాగితం కావాలి.

కారు వచ్చి ఏడు నెలలైంది. ఒక్కసారి మొరాయించింది. శుక్రవారం పొద్దున, బ్యాటరీ డెడ్. ఆటో అన్న పది నిమిషాల్లో వచ్చాడు, నాన్న 6 గంటలకల్లా బెడ్ మీద ఉన్నాడు. బ్యాటరీకి 4,800 ఆ ఖాతాలోంచి తీశా. వారంటీ ఉన్నా అది కవర్ అయ్యేది కాదు. రేపు ఇంజన్‌లోనే పెద్ద పని పడితే ఖాతాలో ఉన్నది చాలదు. అది తెలిసే ఎంచుకున్నా. బిల్లు ఎంతైనా నెమ్మదిగా తీర్చుకోవచ్చు. నాన్న స్లాట్ మాత్రం 6 గంటలకే.