అనకాపల్లి మీదుగా పాడేరునకు: మోటారు ఇంటిబండి ప్రయాణము

శారదానది యొడ్డున నున్న అనకాపల్లి పేరు వినగానే తెలుగు గృహిణులకు మొదట జ్ఞప్తికి వచ్చునది బెల్లము. దేశములోని పెద్ద బెల్లపు బజారులలో నిది యొకటి. చెరకు పైరును గూర్చిన పరిశోధన యిచట 1913లోనే మొదలైనది. 2022 ఏప్రిలులో ఈ పట్టణము కొత్త జిల్లాకు ముఖ్యస్థానమైనది. గవరపాలెమున నూకాలమ్మవారి గుడి కలదు. కొత్త అమావాస్య జాతరకు జనము విశేషముగా వత్తురు. చేరువనే శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండలపై రాతిని తొలిచిన బౌద్ధస్తూపములును గుహలును చూడదగినవి.

వంటకును పడకకును వసతి గల డీజిలు మోటారు ఇంటిబండిలో పిల్లాపాపలతో బయలుదేరువారు 16వ నంబరు జాతీయ రహదారిపై అనకాపల్లి చేరి, చోడవరము, మాడుగుల మీదుగా పాడేరు ఘాటు నెక్కవచ్చును. మాడుగుల హల్వా రుచి చూడక ముందునకు సాగువా రరుదు. అటుపై మలుపులు, లోయలు, పచ్చని అడవి. ఈ యెగుడుదారి మనకు కన్నులపండువే గాని యింజనుకు పరీక్ష. బరువు మోయుచు మెల్లగా నెక్కునపుడు దానిలో వేడి హెచ్చును, ఎదురుగాలి తగ్గును. ఆ వేడిని రేడియేటరునకు గొనిపోవు ద్రవమే కూలెంటు.

దీని మర్మము తెలియుటకు అనకాపల్లి ప్రాంతపు చెరకు గానుగ యొద్ద ఒక్క గడియ నిలిచిన చాలును. పెనములో చెరకు రసము మొదట నీటివలెనే కాగును. పాకము ముదిరిన కొలది వేడి పెరిగి, బెల్లము దింపునాటికి సుమారు 118 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును. నీటిలో మరియొక పదార్థము కరిగిన, మరుగుటకు ఎక్కువ వేడి కావలెను. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు చేయు పని యిదియే. సగము నీరు, సగము గ్లైకాలు గల మిశ్రమము సుమారు 107 డిగ్రీలవద్ద గాని మరుగదు. రేడియేటరు మూత లోపలి యొత్తిడిని నిలిపి, ప్రెషరు కుక్కరువలె, ఆ హద్దును మరింత పెంచును.

వట్టి నీరు చాలదా యని కొందరందురు. మరుగుట యొకటే కాదు చిక్కు. బావినీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పొర కట్టుట మనము నిత్యము చూచునదే. అట్టి పొర యింజనులో పేరుకొన్న, వేడి బయటకు పోజాలదు, తుప్పును పట్టును. పెద్ద డీజిలు యింజనులలో సిలిండరు గోడలు అదరుటచే ద్రవములో బుడగలు పుట్టి పగిలి, లోహమునకు సన్నని గుంటలు పడును. కావున డీజిలుకు తగిన రక్షక ద్రవ్యములు గల కూలెంటునే, బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన రకమునే కొనవలెను. రంగును చూచి మోసపోరాదు. ఒకే రంగులో వేరు వేరు రకము లుండును. రెండు రకములను కలుపరాదు. కలుపకయే వాడదగినదా, నీటితో కలుపవలసినదా యని డబ్బాపై చదివికొనవలెను. కలుపవలసినచో ఖనిజములు తీసిన శుద్ధజలమే తగును. గ్లైకాలు ఎక్కువైన మేలనుకొనరాదు. వేడిని మోయుటలో నీరే దానికంటె మిన్న.

ప్రయాణపు ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడే, డబ్బాపై గల రెండు గీతల నడుమ ద్రవ మున్నదో లేదో చూడుడు. మాటిమాటికి తగ్గుచున్నచో ఎచటనో కారుచున్నదని తెలిసి మేస్త్రీకి చూపవలెను. రేడియేటరు రెక్కలలో చిక్కిన దుమ్మును, ఆకుముక్కలను మెల్లగా కడిగించవలెను. కూలెంటు నంతటిని మార్చు గడువు రకమును బట్టి మారును. పుస్తకము చెప్పిన గడువును దాటనీయరాదు. ఘాటులో వేడిముల్లు ఎర్రగీత చేరబోయిన, బండిని సురక్షితమైన చోట నిలుపుడు. వేడిగా నున్నపుడు మూత తీసిన, మరుగు ద్రవము ముఖముపై చిమ్మి బొబ్బలెక్కించును. పూర్తిగా చల్లారువరకు ఓర్పు వహింపవలెను. కాగిన యింజనులో చన్నీరు పోసిన లోహము పగులవచ్చును.

ఇక తల్లులు తప్పక తెలిసికొనవలసినది యొకటి కలదు. గ్లైకాలు తియ్యగా నుండును, కాని ఘోరవిషము. కొద్దిపాటి కడుపులోనికి పోయినను మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగవచ్చును. బెల్లపుముక్కకు చేయి చాచు పసివాడు దీనికిని చాచును. కుక్కయు పశువును నాకును. కావున దీనిని తాగునీటి సీసాలో పోసి యుంచరాదు, వంటగిన్నెతో కొలువరాదు, వంటసామానుల దరి చేర్చరాదు. పాత ద్రవమును కాలువలోనో నేలపైననో పారబోయక మోటారు కర్మాగారమున నప్పగింపవలెను. ఎవరైన త్రాగిరని అనుమానము కలిగిన, వాంతి చేయింప యత్నింపక, లక్షణములకై వేచియుండక, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఈపాటి జాగ్రత్త తీసికొన్నచో ఘాటు సుఖముగా దాటవచ్చును. పైన పాడేరు పరిసరములలో నీడచెట్ల క్రింది కాఫీతోటలును, వానిపై ప్రాకిన మిరియపు తీగెలును కనబడును. వాని నడుమ పిల్లలతో తిరుగునపుడు, తిరుగుదారికి ఇంజను సిద్ధముగా నున్నదను ధైర్యము గృహిణికి గొప్ప సుఖము.