ఫుర్సత్

మధ్యధరా సముద్రంలోని దీవులకు జనం సెలవులు గడపడానికి పోతారు. మా అమ్మీ పనికి పోయింది. అబ్బా ఇంతెఖాల్ తర్వాత నా షాదీ, తమ్ముడి చదువు, ఇంటి మీది కర్జా అన్నీ ఆమె నెత్తినే పడినాయి. చిత్తూరు నుంచి సైప్రస్ పోయి, లార్నాకాలో ఒక ఇంట్లో ఆరేళ్లు ఖిద్మత్ చేసింది. కర్జా తీరింది. వాపసొచ్చాక ఆ ఆరేళ్ల గురించి ఆమె మాట్లాడింది తక్కువ.

"ఎక్కడికైనా పోయొద్దాం అమ్మీ" అంటే "ఎవరి నికా?" అని అడిగేది. మన ఇళ్లల్లో సఫర్ అంటే నికా, మౌత్, ఆసుపత్రి, దర్గా. ఊరికే పోవడం అనేది మన ఆడవాళ్ల లెక్కలోనే లేదు.

పోయిన చలికాలం పట్టుబట్టి బయల్దేరదీశాం. ఫజర్ చదువుకుని తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరాం. వద్దన్నా వినకుండా అమ్మీ తహజ్జుద్ వేళకే లేచి బగారా అన్నం, ఖీమా వండి డబ్బాలు కట్టింది. ఇల్లు దాటింది గానీ బావర్చీఖానా దాటలేదు.

మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దానికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగా ఉంటుంది. 2022లో జిల్లాలు మారినాక ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సరస్సు లోపల ఇరకం, వేనాడు లాంటి దీవులున్నాయి. వేనాడు దర్గాలో ఫాతెహా చదివి నీళ్ల ఒడ్డుకు పోయాం. దూరంగా లోతు లేని నీళ్లల్లో ఫ్లెమింగోలు గులాబీ రంగులో బారులు తీరి నిలబడున్నాయి.

అమ్మీ ఆగిపోయింది. "ఈ చిడియాలు నాకు తెలుసు" అంది.

లార్నాకా పక్కన కూడా ఒక ఉప్పు సరస్సుందట. చలికాలంలో ఇవే పక్షులు అక్కడికీ వస్తాయట. దాని ఒడ్డున హలా సుల్తాన్ తెక్కె. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్‌లో, హిజ్రీ 28లో, సముద్రం దాటి పోయిన లష్కర్‌తో వెళ్లి, అక్కడే సవారీ మీది నుంచి పడి వఫాత్ అయిన సహాబియా హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) మజార్ అది. ఆదివారం ఛుట్టీ దొరికితే అమ్మీ అక్కడికే పోయేది.

"సముద్రం ఒడ్డుకు పోలేదా నానీ?" అంది నా కూతురు.

"అక్కడ మెహమాన్లు కుర్చీల్లో పడుకుని ఉంటారు బేటా. నేను కూర్చుంటే ఎవరన్నా పనికి పిలుస్తారేమోనని భయం. ఈ చిడియాల దగ్గరైతే ఎవరూ పిలవరు. ఎండలు ముదిరితే ఇవి వాటి దారిన పోయేవి. నేను మళ్లీ ఆ ఇంటికే."

నాకు గొంతు పట్టేసింది. ఆమె పంపిన పైసలతో కుట్టించిన షాదీ జోడా గుర్తుంది. ఆమెకు ఛుట్టీ ఎన్ని రోజులని ఒక్కసారి కూడా అడిగినట్టు గుర్తు లేదు.

చెట్టు కింద మా ఆయన దస్తర్‌ఖాన్ పరిచాడు. తమ్ముడు వడ్డించాడు. నీళ్ల కోసమని ఒకసారి, ఉప్పు కోసమని ఒకసారి అమ్మీ లేవబోయింది. రెండుసార్లూ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. తిన్నాక, జొహర్ చదివి, దుపట్టా ముఖం మీదికి లాక్కుని చాప మీద ఒరిగింది. ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. పగటిపూట ఆమె నిద్రపోగా నేను చూసింది అదే మొదటిసారి. పిల్లల్ని కూడా గట్టిగా మాట్లాడనియ్యలేదు.

చాలాసేపటికి ఉలిక్కిపడి లేచింది. "అసర్ ఖజా అయిపోయిందా?"

"లేదు అమ్మీ. ఇంకా వక్త్ ఉంది. పడుకో."