పుదుచ్చేరి నుండి ప్యారిస్‌కు ఒక్క సంచితో

పుదుచ్చేరి గూబెర్ వీథిలో 1836లో తొలిసారి వెలిగిన పాత దీపస్తంభానికి చేరువలోనే, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన ఫ్రెంచి ఇండియా సైనికుల స్మారకమున్నది. 1962లో విలీనం చట్టబద్ధమైన పిమ్మట ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకొన్న కుటుంబాలెన్నో ఈ ఊరిలో ఉన్నవి. ఒకప్పుడు ఓడపై వారాలు పట్టిన ఫ్రాన్సు పయనం వారికి నేడు చెన్నై నుండి ఒక్కదినపు విమానయానం.

ప్యారిస్‌లో పురిటికి సిద్ధమైన మా అమ్మాయి కోసం మేమూ ఒంటరిగా అదే దారి పట్టవలసి వచ్చినది. మేము కట్టిన రెండు పెట్టెలను చూచి, పొరుగున ఉండే ఫ్రెంచి పింఛనుదారు పెద్దాయన నవ్వారు. తోడు లేని ప్రయాణంలో స్వయంగా మెట్లెక్కించగలిగినదే సామానన్నారు. ఆవకాయ జాడీలు, దుప్పట్లు, అదనపు బట్టలు వెలికి వచ్చినవి. మందులు, రెండు జతలు, దివంగతురాలైన మా అర్ధాంగి పాత నూలుచీర మాత్రం మిగిలినవి. పసిబిడ్డ పొత్తిళ్ళకు ఉతికి ఉతికి మెత్తబడిన చీరే కావాలని ఆమె అంటూండేది.

విమానంలో కదలక కూర్చుంటే కాళ్ళలో రక్తప్రసరణ మందగిస్తుంది కనుక గంటకొకసారి లేచి నడిచాము. మంచినీరు తరచూ త్రాగాము. నిద్ర రాని ఆ రాత్రి చీరే తలగడ అయినది.

మూడవనాడు మనుమరాలు ఆ పొత్తిళ్ళలోనే హాయిగా నిదురించినది. ఆవకాయ తేలేదని అమ్మాయి ఒక్క మాటయినా అనలేదు.