గోడ మీద ఒక పేరు

మా చదువంతా తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడడమే గాని, రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకొని చదవండి. విషయం మాత్రం కడదాకా చదవమని అడుగుతున్నాం.

పోయిన ఫిబ్రవరిలో కుటుంబంతో ఢిల్లీకి పోయి వచ్చాం. మేమిద్దరం, కొడుకు, కోడలు, ఏడో తరగతి చదివే మనవరాలు. బయలుదేరే ముందు రోజు మా వీధి వాచ్‌మన్ మామ ఇంటికి వచ్చాడు. బ్యాంకులో వాచ్‌మన్‌గా పని చేసినాడు కాబట్టి వీధంతా ఆయన్ని అట్లే పిలుస్తాం. డెబ్బై అయిదు దాటింది, మోకాళ్లు సహకరించవు.

"ఢిల్లీకి పోతారంట గదప్పా. ఇండియా గేటు పక్కన కొత్తగా కట్టినారే, ఆడ మావాడి పేరు ఉండాది. ఒక్క ఫోటో తీసుకొని రండి" అని ఒక కాగితం ఇచ్చాడు. తమిళంలో ఒక పేరు, దాని కింద 1971 అని రాసి ఉంది.

మావాడంటే ఎవరు మామా అని అడిగాం. అప్పుడు తెలిసింది, ఆయన మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా రిటైరయ్యాడని. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ. ఆ కాగితంలోని పేరు అక్కడ పక్క మంచంలో పడుకున్నవాడిది. 1971 డిసెంబరు యుద్ధంలో పోయాడు. ఇరవై ఏళ్లుగా మూడిళ్ల అవతల ఉన్న మనిషి గురించి మాకు ఇంత కూడా తెలియదు.

చెన్నైలో రాత్రి పదింటికి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లవారుజామున విజయవాడలో మైకులో తెలుగు వినబడగానే మా ఇంటావిడ లేచి కూర్చుంది. ఎన్నిసార్లు విన్నా ఆమెకు అదొక ఆనందం. మా పెట్టెలోనే సెలవు ముగించుకొని పోతున్న ఇద్దరు జవాన్లు ఉన్నారు. వాళ్ల పెద్ద నల్ల ట్రంకు పెట్టెలు చూస్తే మాకు మా కౌంటర్ గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సిపాయిలు మిలిటరీ వారెంట్ తెచ్చి ఇస్తే మేము దానికి టికెట్ ఇయ్యాలి. డబ్బు తీసుకొని టికెట్ ఇచ్చినంత సులభం కాదు. వివరాలు సరిచూడాలి, లెక్కలో విడిగా చూపించాలి. రద్దీ వేళలో వారెంట్ కనబడితే మేము ముఖం ముడుచుకునేవాళ్లం. "అట్ల నిలబడు, వీళ్లందరినీ పంపినాక చూస్తాం" అన్న రోజులున్నాయి. వాళ్లు మారు మాట లేకుండా పక్కన నిలబడేవాళ్లు. అలవాటైన పని అని మేము అనుకున్నాం.

మూడో రోజు పొద్దున ఢిల్లీలో దిగాం. మరుసటి రోజు సాయంత్రం ఇండియా గేటుకు పోయాం. దానికి పునాది వేసింది 1921లో, ప్రారంభించింది 1931లో. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, అప్పటి అఫ్గాన్ యుద్ధంలోనూ తెల్లవాళ్ల సైన్యం తరఫున చనిపోయిన మనవాళ్ల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్ల పేర్లన్నీ ఒక్కచోట చూపే జాతీయ స్మారకం రావడానికి 2019 ఫిబ్రవరి 25 దాకా పట్టింది. అదే పక్కనున్న జాతీయ యుద్ధ స్మారకం. లోపలికి టికెట్ లేదు.

అది నాలుగు చక్రాలుగా కట్టారు. నడిమధ్యలో అమర చక్రం, అందులో స్తంభం, ఆరని జ్యోతి. ఇండియా గేటు కింద వెలిగే అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో దీనితోనే కలిపారు. తరువాత వీరతా చక్రంలో కంచు శిల్పాలు. ఆ తరువాతది త్యాగ చక్రం. గోడల నిండా రాతి పలకలు, పలకకొక పేరు. ప్రారంభించిన నాటికే 25,942 పేర్లు. అన్నిటికన్నా బయట రక్షక చక్రం, అక్కడ కాపలా నిలబడినట్టు వరసగా చెట్లు.

మనవరాలు "వీళ్లల్లో మనవాళ్లు ఎవరు తాతా?" అని అడిగింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో పోయిన ఇరవై మంది పేర్లూ ఇక్కడ ఉన్నాయని చెప్పాం. అందులో సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు ఉన్నాడు, మన రామనాథపురం జిల్లా హవల్దారు పళని ఉన్నాడు. ఇద్దరూ మనవాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళంగా పెరిగిన మనకు అది చెప్పడం కష్టం కాదు.

మామ చెప్పిన పేరు వెతకడానికి ముప్పావు గంట పట్టింది. కనిపెట్టింది మనవరాలే. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఆ కుటుంబాన్ని అడగకుండా రాయడం న్యాయం కాదు. ఫోటో తీసి, వీడియో కాల్ చేశాం. "దొరికింది మామా" అన్నాం. "ఉండప్పా, చొక్కా వేసుకొని వస్తా" అని లోపలికి పోయాడు. బొత్తాలు పెట్టుకొని, తల దువ్వుకొని వచ్చి, గోడ పట్టుకొని నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. "వాడు నాకన్నా ఒక నెల చిన్నోడు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అక్కడ ప్రతి సాయంత్రం ఒక అమరుడి కుటుంబాన్ని పిలిచి పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. ఆ రోజు ఒక ముసలావిడ పెట్టింది. ఏ ఊరో మాకు తెలియదు. మా ఇంటావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మూడేళ్ల కింద మన ఉగాది పండుగకు వచ్చిన పెద్దలందరికీ శాలువాలు కప్పాం. ఆ రోజు వాచ్‌మన్ మామను బండ్ల దగ్గర కాపలా కూర్చోబెట్టింది మేమే. ఖాకీ వేసుకున్న మనిషి కదా, అలవాటే అనుకున్నాం. ఎండలో సాయంత్రం దాకా కూర్చున్నాడు. భోజనం కూడా ఆఖరి పంక్తిలో తిన్నాడు. నేను సిపాయినని ఒక్క మాట అనలేదు. రెండు వేల కిలోమీటర్లు దాటి పోయి గోడ ముందు చేతులు జోడించినవాళ్లం, మూడిళ్ల అవతలికి పోయి ఒక్క ప్రశ్న అడగలేకపోయాం.

అందుకే సంఘానికి మూడు మనవులు. ఒకటి, మన కుటుంబాల్లో సైన్యంలో పని చేసినవాళ్లు, వాళ్ల భార్యలు, వితంతువులు ఎవరెవరో ఊరి వారీగా ఒక నోటుబుక్కులో రాద్దాం. రెండు, పెన్షన్‌కు ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యాలి. సైన్యం పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారింది. ముసలివాళ్లకు వేలిముద్ర పడదు, ఫోన్ చేతకాదు. మన పిల్లలు ఇద్దరు ఇంటికే పోయి చేసి ఇవ్వాలి. మూడు, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఆ రోజు చిన్న కూటం పెట్టి, శాలువా ఎవరికి కప్పాలో వాళ్లకు కప్పుదాం.

ఊరికి వచ్చాక ఆ ఫోటో ఫ్రేమ్ కట్టించి ఇచ్చాం. మామ దాన్ని దేవుడి పటాల పక్కనే తగిలించాడు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆయన్ని వాచ్‌మన్ మామ అనడం లేదు, హవల్దారు మామ అంటున్నాం. మీ వీధిలో కూడా ఒక మామ ఉంటాడు. ఒకసారి పోయి అడగండి.