రాక్షసగుళ్ళు

తాడేపల్లిగూడెం ప్రాంతపు పాఠశాలలో చదివే రోజులలో మా గురువుగారు శబ్దప్రమాణానికే అగ్రపీఠం వేసేవారు. ఏలూరు చెంతనున్న పెదవేగియే నాటి వేంగీపురమనీ, శాలంకాయనుల తామ్రశాసనాలే ఈ సీమ ప్రాచీనతకు సాక్ష్యాలనీ నేర్చుకొన్నాను. శాసనాలకు పూర్వం ఇక్కడ ఎవరుండేవారన్న ప్రశ్న నాకు తోచనేలేదు.

పోలవరం జలాశయపు ముంపును దృష్టిలో ఉంచుకొని రాష్ట్ర పురావస్తుశాఖవారు గోదావరీతీరాన రుద్రమకోటలో బృహచ్ఛిలాయుగపు సమాధులను త్రవ్వించారు. ఆ గ్రామమున్న వేలేరుపాడు మండలం 2014లో ఖమ్మం జిల్లా నుండి పశ్చిమ గోదావరిలోనికి, 2022లో ఏలూరు జిల్లాలోనికి వచ్చింది. ఇట్టి సమాధులను జనులు రాక్షసగుళ్ళంటారు. నేనూ అట్లే అనేవాడిని.

ఈ సమాధులలో అస్థులు, మృణ్మయపాత్రలు లభించడం సాధారణం. ఆ సంగతి వినగానే ఆశ్వలాయన గృహ్యసూత్రం తెరిచాను. అస్థులను సంచయించి, కుంభంలో ఉంచి, గర్తంలో నిక్షేపించే విధి అందులో ఉన్నది. సూత్రార్థం నేలలోనే దొరికిందన్న ఉత్సాహంతో నాలుగు పుటలు వ్రాశాను. అవి చదివిన నా పూర్వవిద్యార్థి వినయంగా అడిగాడు: "గురువుగారూ, ఆ కుండల మీద ఒక్క అక్షరమైనా ఉన్నదా? వారే భాష మాట్లాడారో మనకెట్లా తెలుస్తుంది?"

నా వద్ద సమాధానం లేదు. కుండలో అస్థులుంచడం అనేక దేశాలలో అనేక జాతులవారు చేసిన పని. సవ్యభిచారహేతువు సాధ్యాన్ని సాధించదని బాల్యంలోనే తర్కసంగ్రహంలో చదివినవాడిని, అభిమానవశాన ఆ మాట మరచాను.

నాగార్జునసాగర్ నిర్మాణానికి ముందు, 1954-60 నడుమ, నాగార్జునకొండ లోయలో జరిగిన త్రవ్వకాలలో ఇక్ష్వాకుల కట్టడాలతోపాటు శిలాయుగపు పనిముట్లూ, బృహచ్ఛిలా సమాధులూ బయల్పడ్డాయి. కొన్ని కట్టడాలను కొండపైకి తరలించి పునర్నిర్మించగలిగారు. కాని ఏ కుండ ఏ లోతున, ఏ అస్థి ప్రక్కన ఉన్నదో ఆ క్రమాన్ని తరలించలేము. త్రవ్విన చోటును మరల త్రవ్వలేము; పైగా జలాశయం నిండితే ఆ నేలే కనబడదు. ఆనాడు వ్రాసుకొన్న వివరమే మిగిలే సాక్ష్యం. దానిపై మన కోరికను ఆరోపిస్తే సరిదిద్దడానికి నేల ఉండదు.

ఆ నాలుగు పుటలూ అచ్చుకు పంపలేదు. మన కళాశాలలలో ధర్మశాస్త్రం చదివే విద్యార్థులచేత త్రవ్వకాల నివేదికలు కూడ చదివించాలని సహాధ్యాపకులకు మనవి. వారిని రాక్షసులనడం ఎంత తప్పో, మన సూత్రకారుల శిష్యులనడమూ అంతే తప్పు. వారు తమవారిని శ్రద్ధతో సాగనంపిన మనుష్యులు. ప్రస్తుతానికి అంతవరకే మనకు తెలుసు.