రంగం నుండి వచ్చిన పెట్టె

మన ఉద్దానం ఇండ్లలో పాత సామాను రెండు రకాలు. ఒకటి ఇక్కడి వడ్రంగి పనస చెక్కతో చేసినది. రెండవది రంగం నుండి ఓడలో వచ్చిన టేకు సామాను. పలాస, టెక్కలి, బారువ వైపు కుటుంబ దర్శనాలకు వెళ్ళినప్పుడు మేము ఈ రెండవ రకాన్ని అక్కడక్కడా చూస్తుంటాము. చాలాచోట్ల అది మూలనపడి, పైన పాత బట్టల మూటలు మోస్తూ ఉంటుంది.

రంగం అంటే బర్మాలోని రంగూన్. బ్రిటిషువారి కాలంలో మన తీరం నుండి వేలాదిమంది ఓడలెక్కి అక్కడి రేవు పనికి, బియ్యం మిల్లులకు వెళ్ళారు. ఆ నగరంలో వడ్రంగం పనికి కాంటన్ ప్రాంతపు చైనీయులు పేరుపొందినవారు. కాబట్టి మన పెట్టెలలో కొన్నిటి వెనుక చైనావారి పనితనం ఉండవచ్చు.

చైనాలో 1368 నుండి 1644 వరకు ఏలిన మింగు వంశం నాటికే కుర్చీలు, బీరువాలు దాదాపు మేకులు లేకుండా, కుసిని బెజ్జంలో బిగించి చేసేవారు. వానకు చెక్క ఉబ్బినా, ఎండకు కుంచించుకున్నా అతుకు సర్దుకుంటుంది. మన ఉప్పుగాలికి ఇనుప మేకు తుప్పుపడుతుంది గాని కుసికి ఆ బాధ లేదు. అటువంటి పాత చైనా పెట్టెలను నేడు ఎన్నో దేశాలవారు కొత్త ఇండ్లలో ఉంచి, దుప్పట్లకు, పుస్తకాలకు వాడుకుంటున్నారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి తోటలను పడగొట్టిన తరువాత ఒక ఇంటి అన్నదమ్ములు మమ్మును పిలిచారు.

"అయ్యగారూ, తాత తెచ్చిన మంచం, పెట్టె కొంటానని పట్నం వ్యాపారి వచ్చాడు. పాపకి ఫీజు కట్టాల. ఏటి సేయమంటారు?"

మేము వద్దనలేదు. అవసరానికి అమ్ముకోవడం తప్పు కాదు, విలువ తెలియక అమ్ముకోవడం నష్టం. ముందుగా తెలిసిన వడ్రంగికి చూపించమన్నాము. వ్యాపారి చెప్పిన ధర రెండు పలకలకైనా చాలదని అతడన్నాడు. చివరకు మంచాన్ని తగిన ధరకు అమ్మి ఫీజు కట్టారు. పెట్టె ఇంట్లో నిలిచింది.

అప్పుడు ఆ ఇంటి ముసలమ్మ అన్నది: "పక్కింటోళ్ళ తాత జపాను బాంబులప్పుడు నడిచొచ్చాడు బాబూ. ఆళ్ళకి పెట్టె లేదు."

నిజమే. 1942లో లక్షలాదిమంది బర్మా అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. ఎందరో అయినవారిని దారిలోనే పోగొట్టుకున్నారు. 1964 ప్రాంతంలో తిరిగి వచ్చినవారిలో కూడా చాలామంది సంపాదన అక్కడే వదిలి వచ్చారు. మన ఇంట రంగం పెట్టె ఉన్నదంటే అది నెమ్మదిగల కాలంలో వచ్చినదన్నమాట. అది గొప్పలకు కాదు, కృతజ్ఞతకు గురుతు.

కనుక ప్రియ పాఠకులారా, పెట్టెను మూల నుండి బయటకు తీయండి. కాళ్ళ కింద రాళ్ళు పెట్టి, గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా ఉంచండి. తడిగుడ్డ, ఎనామిల్ రంగు వద్దు. పొడిగుడ్డతో తుడిచి, ఏడాదికొకసారి పలుచగా అవిసె నూనె రాస్తే చాలును. అతుకు వదులైతే మేకు కొట్టించక, కుసి పని తెలిసిన వడ్రంగిని పిలవండి. తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, దానిని తెచ్చినదెవరో చెప్పండి. పక్కింటి తాత నడిచి వచ్చిన సంగతి కూడా చెప్పండి.